మారెక్క అడిగిన పాట

ఎన్నడో అంటే ఎన్నడో. ఏ యేడని అడగొద్దు, ఏ రాజు కాలమని అడగొద్దు. ఈ నేల మీద ఎన్ని వానలు కురిసి పోయినాయో చెప్పగలిగినోళ్ళు ఉంటే వాళ్ళే చెప్పాల ఈ కథ వయసు. నాకు మా అవ్వ చెప్పింది, మా అవ్వకు వాళ్ళ అవ్వ చెప్పింది.

గరుగుచెలిమ అని ఒక ఊరు. ఊరి చుట్టూ గరుగు నేల. ఎటు చూసినా ఎర్రమన్ను, గులకరాళ్ళు, అక్కడక్కడ తంగేడు పొదలు. వంకలో ఇసక తవ్వి తీసుకున్న చెలిమ ఒక్కటే ఊరికి నీళ్ళు. నీళ్ళకు కరువు గానీ ఆ ఊర్లో దేవుళ్ళకు కరువు లేదు. తూర్పున రాముల గుడి. పడమర పీరుసాయబు దర్గా. దక్షిణాన పెంకుల చర్చి.

గుడిలో చిదంబరప్ప పాడేవాడు. దర్గాలో లాల్ సాయబు ఫకీరు పాడేవాడు. చర్చిలో జెకర్యా ఉపదేశి పాడేవాడు. వాళ్ళు పాడుతుంటే ఎద్దులు గూడా నెమరు ఆపి వినేవంట. ఆ పాటలు ఏ కాగితం మీదా లేవు. తాత నోట్లోంచి తండ్రి నోట్లోకి, తండ్రి నోట్లోంచి కొడుకు నోట్లోకి వచ్చినవి. చర్చిలో పుస్తకం ఉంది గానీ అందులో మాటలుండేవి, రాగం లేదు. రాగం జెకర్యా గొంతులోనే ఉంది.

ఒక యేడు ఎక్కన్నుంచో మారెక్క ఆ ఊరికి వచ్చింది. మొగుడు రాళ్ళగనిలో బండ కింద పడి పోయినాడు. చంకలో ఒక ఆడబిడ్డ, బుజాన ఒక సంచి. సంచిలో సుత్తి, మూడు ఉలులు. అంతే ఆమె సంసారం. ఊరి బయట తంగేడు పొదల కాడ గుడిసె వేసుకుంది.

తిరగలి విసిరి విసిరి నున్నగైపోతే పిండి పడదు గదా. అప్పుడు దాని మీద ఉలితో గంట్లు పెట్టాల. అదే మారెక్క పని. "తిరగళ్ళకు గంట్లు... రోళ్ళకు గంట్లు..." అని అరుచుకుంటా వీధి వీధి తిరిగేది. తిరగలి లేని ఇల్లు ఉంటుందా? అందుకని ఆమె పోని వీధి లేదు. తూర్పు వీధిలో ఒకనాడు, పడమటి వీధిలో ఒకనాడు, దక్షిణపు వీధిలో ఒకనాడు.

పని ముగిసినాక పాట వినపడే చోటికి పోయి నిలబడేది. శనివారం గుడి కాడ, గురువారం దర్గా కాడ, ఆదివారం చర్చి కాడ. లోపలికి ఎవరూ రమ్మనలేదు. ఆమె రానీయమని అడగలేదు. ఆమె గడప అవతల, పాట గడప ఇవతల. అయినా పాటకు గడప అడ్డమా? బయటికి వచ్చేది. మారెక్క చెవిలో పడిన పాట మళ్ళీ బయటికి పోలేదు. ఒక్కసారి వింటే చాలు, మాట మాటా, విరుపు విరుపూ పట్టుకునేది. చిదంబరప్ప ఎక్కడ ఊపిరి తీస్తాడో తెలుసు. లాల్ సాయబు ఎక్కడ కండ్లు మూస్తాడో తెలుసు. జెకర్యా గొంతు ఏ మాట కాడ జీరబోతుందో తెలుసు.

బిడ్డ పేరు ఓబులి. చంకలో వచ్చిన బిడ్డకు ఇప్పుడు తొమ్మిదేండ్లు. నిద్రమొద్దు. తెల్లారినా లేవదు, కేకేసినా లేవదు. పాట పాడితేనే లేచేది. ఒకనాడు గుడి పాట, ఒకనాడు దర్గా పాట, ఒకనాడు చర్చి పాట. తల్లి పాడతా గంజి కాస్తుంటే మూడో చరణానికి ఓబులి ఒక కన్ను తెరిచేది.

"మ్మా, ఇది ఎవురి పాట?"

"గుడిది మే."

"నిన్నటిది?"

"దర్గాది."

"మనది ఏది?"

"అన్నీ మనవే లేయ్యే, పొద్దెక్కె."

అట్లా ఉన్నారు తల్లీ బిడ్డా. ఇంకా కొన్నాళ్ళు అట్లనే ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఆ యేడు వాన పడలేదు. చెలిమలో నీళ్ళు అడుగంటినాయి. పచ్చగా, చిక్కగా ఉన్న ఆ అడుగు నీళ్ళే ముంచుకుని తాగినారు. ఊర్లోకి గత్తర వచ్చింది. వాంతులు, బేదులు, కాళ్ళు చేతులు కొంకర్లు పోవడం, అంతలోనే మనిషి పోవడం. అందరికంటే ముందు అది ఓబులిని పట్టింది. పొద్దున పట్టింది. మధ్యాహ్నానికి బిడ్డ కండ్లు లోపలికి పోయినాయి. పొద్దు వాలక ముందే ఓబులి పోయింది.

మారెక్క ఏడవలేదు. బిడ్డను తన చీర చెంగులో చుట్టి బుజానికి ఎత్తుకుంది. గుడి కాడికి పోయింది. చిదంబరప్ప అరుగు మీద కూర్చోని ఉన్నాడు.

"సామీ, నా బిడ్డ పోయింది. ఒక్క పాట పాడండి సామీ. సాగనంపుకుంటా."

చిదంబరప్ప లేచి రెండడుగులు వెనక్కి వేసినాడు.

"మారెక్కా, నువ్వు గురువారమైతే దర్గా కాడ నిలబడతావు. ఆడ పెట్టిన మలీద తింటావు. ఊరంతా చూసింది. నీ బిడ్డకు మేము పాడితే నలుగురూ ఒప్పుకోరు. ఆడికే పో తల్లీ."

మారెక్క దర్గాకు పోయింది. లాల్ సాయబు మెట్ల మీదున్నాడు. బిడ్డను చూసి కండ్లనీళ్ళు పెట్టుకున్నాడు.

"సాయబూ, ఒక్క పాట."

"అమ్మా, పాడాలనే ఉంది. అల్లా సాక్షిగా పాడాలనే ఉంది. కానీ నువ్వు రాముల గుడి ముందర చేతులు జోడిస్తావు గదా. రేపు మావాళ్ళు నన్ను నిలదీస్తారు. నేనేం చెప్పేది? చర్చికి పో అమ్మా. వాళ్ళు అందరికీ పాడతారంట."

మారెక్క చర్చికి పోయింది. జెకర్యా తలుపు తెరవలేదు. కిటికీ తెరిచినాడు.

"అయ్యోరూ, ఒక్క పాట."

"మారెక్కా, బాప్తీస్మం లేని బిడ్డ. సంఘం పుస్తకంలో పేరు లేదు. ఏ పేరు చెప్పి పాడేది? దూరంగా తీసుకపో. గత్తర మంచిది కాదు."

కిటికీ మూసినాడు.

మూడు చోట్ల పాటలూ వచ్చిన ఆడమనిషికి మూడు తలుపులూ మూసుకున్నాయి.

అప్పుడు మారెక్క ఊరికి వీపు పెట్టి నడిచింది. గరుగు నేలలోకి నడిచింది. ఉలితో, సుత్తితో తనే గుంత తవ్వింది. గరుగు కదా, మన్ను తెగదు, నిప్పులు రేగుతాయి. బిడ్డను పెట్టింది, పూడ్చింది. పాట పాడాలని నోరు తెరిచింది. గొంతు లేవలేదు. రెండోసారి తెరిచింది, లేవలేదు. మూడోసారి గాలి మాత్రం వచ్చింది.

రాళ్ళు కొట్టే మనిషి గదా, తలకాడ ఒక రాయి నిలపాల్సింది. నిలపలేదు. ఎందుకంటే అప్పటికే ఊరు ఒక మాట అనేసింది. "గత్తరను తెచ్చింది ఆ పిల్లే" అని. గుర్తు పెడితే తవ్వి బయట పారేస్తారని భయం. అందుకని గుంత మీద మట్టి చదును చేసింది. చుట్టూ ఉన్న గులకరాళ్ళే తెచ్చి పరిచింది. చూసేవాళ్ళకు అది గరుగు నేలలో గరుగు నేల. ఆ చోటు తెలిసింది లోకంలో ఆమె ఒక్కదానికే.

గత్తర అక్కడ ఆగిందా? ఆగలేదు. ఇరవై రోజులు ఊరిని ఊడ్చింది. చిదంబరప్ప పోయినాడు. ఆయనకు భజన చేయనీకి మనుషులు మిగల్లేదు. లాల్ సాయబు పోయినాడు. ఆయనను మోయనీకి నలుగురు దొరకలేదు. జెకర్యా పోయినాడు. ఆయన పెట్టె మీద మట్టి వేసింది ఆయన భార్యే. ముగ్గురికీ పాట లేదు. నా బిడ్డకు పాడనోళ్ళకూ పాట లేకపోయిందని మారెక్క సంతోషపడిందా అంటే, లేదు నాయనా. ఆమె గుడిసె ముందర కూర్చోని ఒక్కొక్క పాడెను చూసింది. లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది. అంతే.

వాన వచ్చింది. గత్తర పోయింది. మిగిలినోళ్ళు మిగిలినారు. గుడి తలుపు తీసినారు. చిదంబరప్ప తమ్ముడు చేతాళాలు పట్టుకుని పాట ఎత్తుకున్నాడు. మొదటి చరణం వచ్చింది. రెండోది రాలేదు. ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. ఎవరికీ రాలేదు. ఇన్నేండ్లూ వెనక పాడినోళ్ళే గానీ ముందు పాడినోళ్ళు లేరు. దర్గాలో ఊదు వెలిగించినారు, పొగ లేచింది, పాట లేవలేదు. చర్చిలో పుస్తకం తెరిచినారు, మాటలు చదివినారు. చదివితే చావు కబురు చదివినట్టుంది.

అప్పుడు వాళ్ళకు, బిడ్డను లేపను ఆ పాటలే పాడిన మారెక్క గుర్తుకొచ్చింది.

ముందు చిదంబరప్ప తమ్ముడు వచ్చినాడు. గుడిసెకు పది అడుగుల దూరంలో నిలబడినాడు.

"మారెక్కా, మా అన్న పాటలు నీకు వచ్చునంట గదా."

"వచ్చు సామీ."

"మాకు నేర్పిస్తావా?"

మారెక్క చేతిలోని ఉలి కింద పెట్టింది.

"నేర్పిస్తా. పాట ఏం పాపం చేసింది? కానీ నాకు ఒక కూలి ఇయ్యాల."

"ఏం కావాల చెప్పు. జొన్నలా? చీరా?"

"నా బిడ్డ కాడికి వచ్చి ఒక్కసారి పాడండి. చోటు నేను చూపిస్తా."

అతను నేల చూసినాడు. తర్వాత ఒక మాట అడిగినాడు.

"ఇన్ని పాటలు వచ్చినదానివి, నువ్వే పాడుకోవచ్చు గదా?"

"నేను పాడితే అది లేస్తాదేమో అని ఎదురు చూస్తా సామీ. రోజూ నా పాటకే లేచేది. ఇంకొకరు పాడితేనే అది పోయిందని నమ్ముతా."

"సరే, పాడతాం" అన్నాడు అతను.

తర్వాత లాల్ సాయబు కోడలు వచ్చింది. మారెక్క అదే కూలి అడిగింది. "తప్పకుండా అక్కా" అనింది ఆమె. తర్వాత జెకర్యా భార్య వచ్చింది. అదే కూలి. "ప్రభువు పేరున మాట ఇస్తాండా" అనింది ఆమె.

మారెక్క నేర్పింది. గుడిలో వాళ్ళు లోపల కూర్చుంటే ఆమె గడప బయట కూర్చుంది. దర్గాలో వాళ్ళు లోపల, ఆమె మెట్టు మీద. చర్చిలో వాళ్ళు బల్లల మీద, ఆమె వాకిట్లో. ఎండ వస్తే ఎండలో, వాన వస్తే వానలో. ఆమె గడప అవతల, పాట గడప ఇవతల. చనిపోయినోళ్ళు ఎట్లా పాడేవాళ్ళో అట్లనే నేర్పింది. ఒక మాట కాడ జెకర్యా గొంతు జీరబోయేది కదా. మారెక్క ఆ జీరను గూడా నేర్పింది. ఆ జీర విని జెకర్యా భార్య చర్చి గోడకు తల ఆనించి ఏడ్చింది. మొగుణ్ణి మళ్ళీ విన్నట్టయింది ఆమెకు. మారెక్క వాకిట్లో కూర్చోని ఆమె ఏడుపు అయ్యేదాకా కాచుకుంది. తర్వాత చరణం ఎత్తుకుంది.

ఒక యేడు పట్టింది. మూడు చోట్లా పాటలు మళ్ళీ నిలబడినాయి. అప్పుడు మారెక్క గుడి కాడికి పోయింది.

"సామీ, నా కూలి."

"శ్రీరామనవమి పోనీ మారెక్కా. పందిళ్ళ పనిలో ఉన్నాం."

దర్గాకు పోయింది.

"ఉరుసు కానీ అక్కా. తర్వాత తప్పకుండా."

చర్చికి పోయింది.

"కోతల పండగ కానీ మారెక్కా."

నవమి పోయింది, ఉరుసు అయింది, కోతలు అయినాయి. మళ్ళీ పోయింది. మళ్ళీ అదే మాట. వాళ్ళు చెడ్డోళ్ళు కాదు. ఒకరిని చూసి ఒకరు భయపడినారు. గత్తర తెచ్చిన పిల్లకు పాడినారని పక్క వీధివాళ్ళు అంటారేమో అని. ముందు వాళ్ళు పాడితే తర్వాత మనం పాడదామని గుడివాళ్ళు అనుకున్నారు. దర్గావాళ్ళూ అదే అనుకున్నారు. చర్చివాళ్ళూ అదే. ముందు పాడేవాళ్ళు ఒక్కరు లేకపోయినారు.

రెండో యేడు అడిగింది. మూడో యేడు అడిగింది. మూడో యేడు అడిగేటప్పుడు ఆమె మాట సగమే బయటికి వచ్చింది. ఇన్నేండ్లూ మింగిన రాతిదుమ్ము రొమ్ములో పేరుకుంది. దగ్గితే నెత్తురు. నడిస్తే ఆయాసం. ఉలి పట్టే చెయ్యి వణుకు. తర్వాత తర్వాత మాట పూర్తిగా పోయింది. మూడు చోట్ల పాటలు మోసిన గొంతులో ఒక్క ముక్క మిగల్లేదు. గుడి ముందర వచ్చి నిలబడేది. అడగను మాట లేదు గదా, నిలబడి చూసేది. లోపల ఆమె నేర్పిన పాటే పాడుతుండేవాళ్ళు. చూసి చూసి పోయేది.

ఎండాకాలం. మారెక్క నాలుగు దినాలుగా బయటికి రాలేదు. తిరగలి గంట్ల కోసం పోయిన లాల్ సాయబు కోడలు చూసి కేకలు పెట్టింది. చిదంబరప్ప తమ్ముడు ఉరుక్కుంటా వచ్చినాడు. జెకర్యా భార్య వచ్చింది. ముగ్గురూ మొదటిసారి ఆ గుడిసె లోపలికి వంగి పోయినారు. మారెక్క నేల మీద ఉంది. ఎముకలే ఉన్నాయి. కండ్లు మాత్రం తెరుచుకుని ఉన్నాయి.

జెకర్యా భార్య ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది.

"మారెక్కా, ఈ పొద్దే పాడతాం. ఇప్పుడే పోయి పాడతాం. బిడ్డ యాడుంది చెప్పు తల్లీ."

మారెక్క నోరు తెరిచింది. మాట లేదు.

"చెయ్యి చూపించు సాలు. ఏ దిక్కు?" అన్నాడు చిదంబరప్ప తమ్ముడు.

ఆమె చెయ్యి లేచింది. వణికింది. తూర్పుకు చూపించిందా అంటే పడమరకు తిరిగింది. దక్షిణమా అంటే ఉత్తరానికి పోయింది. ఆ వణుకులో ఆ చెయ్యి నాలుగు దిక్కులూ తిరిగి లాల్ సాయబు కోడలి ఒళ్ళో పడింది. మళ్ళీ లేవలేదు.

మారెక్కకు మూడు చోట్లవాళ్ళూ పాడినారు. ఎవరూ ఎవరినీ చూసి భయపడలేదు. పాడినారు గానీ ఆమె వినలేదు.

తర్వాత ఊరంతా గరుగు నేల మీద పడింది. మూడు దినాలు వెతికినారు. పొద్దున పోయేది, పొద్దుగూకినాక వచ్చేది. ఏ రాయి చూసినా రాయే. ఏ చోటు చూసినా అదే చోటు. నాలుగైదేండ్ల వానలు పోయినాయి, తంగేడు మొలిచింది. ఒక ముసలాయన అయితే గులకరాళ్ళు ఎత్తి ఎత్తి గోళ్ళు ఊడిపోయేదాకా వెతికినాడంట. దొరకలేదు. ఓబులి దొరకలేదు.

మూడో దినం సాయంత్రం చిదంబరప్ప తమ్ముడు గరుగు నేల నడిమిన నిలబడినాడు. తూర్పుకు తిరిగి గుడి పాట ఎత్తుకున్నాడు. ఏ దిక్కున ఉందో తెలీదు గదా, పడమరకు తిరిగి పాడినాడు. దక్షిణానికి పాడినాడు, ఉత్తరానికి పాడినాడు. లాల్ సాయబు కోడలు అట్లనే పాడింది. జెకర్యా భార్య అట్లనే పాడింది. చీకటి పడింది. ఎవరి పాట ఎక్కడ తగిలిందో ఎవరికి తెలుసు.

ఈ పొద్దుకీ గరుగుచెలిమలో అదే ఆచారం. గుడి గానీ, దర్గా గానీ, చర్చి గానీ, మొదటి పాట లోపల పాడరు. అందరూ గడప దాటి బయటికి వస్తారు. ఎండైనా, వానైనా బయటే నిలబడతారు. నాలుగు దిక్కులకూ నాలుగుసార్లు పాడతారు. దాన్ని మారెక్క పాట అంటారు. అది అయినాకనే లోపలికి పోయి దేవుని పాట ఎత్తుకుంటారు. ఆ ఊర్లో ఎవరి బిడ్డ పోయినా, ఏ దేవుని బిడ్డని అడగరు. మూడు చోట్లవాళ్ళూ పోయి పాడి వస్తారు.

కొత్తగా వచ్చినోళ్ళు చూసి అడుగుతారు, ఇదేం పద్ధతి, ఎవరి కోసం అని. ఒకసారి నేనూ అడిగినా. అప్పుడు నేను చిన్నదాన్ని. దర్గా మెట్ల మీద కూర్చోని ఉన్న ఒక ముసలామెను అడిగినా.

"ఇన్నేండ్లు పాడినారు గదా అవ్వా, ఇంకా ఎన్నాళ్ళు పాడతారు?"

ఆమె గరుగు నేల దిక్కు చూసింది.

"దొరికి ఉంటే ఒక్కసారి పాడి ఊరుకునేటోళ్ళం. దొరకలేదు గదా తల్లీ" అనింది.